అయిదు ఆంపియర్ల ఉమ్మడి కాపురం

బీరూట్, ముసైత్బే
రిజ్క్ బిల్డింగ్, అయిదో అంతస్తు
14 జూన్ 2021

మూడో అంతస్తు శ్రీమతి ఓడెట్ గారికి,

మీకూ మీ గడపకూ శాంతి కలగాలని కోరుతూ నుహాద్ రాయునది. నేనిక్కడ క్షేమం. మీరు అక్కడ, అంటే సరిగ్గా నా కాళ్ల కింద రెండంతస్తుల దిగువన, క్షేమమేనని మీ వంటింటి వెల్లుల్లి వాసన రోజూ పైకి వచ్చి చెబుతోంది.

మనం మాట్లాడుకోక నాలుగేళ్లయింది. ఆ పంతం ఇప్పుడూ సడలించడం లేదు. అందుకే నోటితో కాకుండా కలంతో వస్తున్నాను. తలుపు కింది నుంచి తోసేద్దామనుకున్నాను గానీ లిఫ్టు మార్చి నెల నుంచి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య వేలాడుతోంది, నా మోకాళ్లేమో మెట్లంటే ఏడుస్తున్నాయి. కాబట్టి కూరగాయల బుట్టలో పెట్టి తాడుతో దించుతున్నాను. బుట్టలో ఉల్లిపాయలు కనిపిస్తే అవి నావి, ముట్టుకోవద్దు.

విషయానికి వస్తాను. మన వాచ్‌మన్ అబూ హలీమ్ నిన్న నీళ్ల ట్యాంకు చూడటానికి పైకి వచ్చి, అడక్కుండానే మీ సంగతంతా చెప్పేశాడు. మీరు వీధి జనరేటర్ లైను మానేశారట. ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డలో చుట్టి, మట్టి కూజాలో పెట్టి, కూజాను స్నానాల గదిలో దాచారట. ఓడెట్ గారూ, ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు కదా, ఈ లెక్క మీరే చెయ్యండి. ప్రభుత్వం వారి కరెంటు రోజుకు ఒక గంట. జూన్‌లోనే ఎండ ఇలా ఉంది. ఆగస్టు నాటికి ఆ కూజాలో ఉండేది మందా, వేడినీళ్లా? మందు పాడైతే మీకేమవుతుందో రాయడం నాకిష్టం లేదు.

జనరేటర్ అబూ తౌఫీక్‌ను పిలిచి, నాయనా, ఒంటిదాన్ని, సగం లైను ఇవ్వవా అని అడిగాను. సగం కోసివ్వడానికి ఇదేమైనా జున్నుముక్కా, హజ్జా? ఇస్తే అయిదు ఆంపియర్లు, లేదంటే కొవ్వొత్తి అన్నాడు. యాత్ర చేసొచ్చిన పెద్దావిడలా హజ్జా అంటాడు గానీ నేను హజ్‌కు వెళ్లలేదని వాడికీ తెలుసు, మర్యాద ఎక్కువైనకొద్దీ వాడి రేటు పెరుగుతుందని నాకూ తెలుసు. కాబట్టి లైను ఇద్దరం కలిసి తీసుకుందాం. దీన్ని దయ అనుకోకండి. మొత్తం కట్టే స్తోమత నాకు లేదు, అంతే. రెండిళ్లలో ఫ్రిజ్జులు ఎప్పుడూ నడవాలి. మిగతావి ఒకరు పెట్టినప్పుడు ఇంకొకరు పెట్టకూడదు. ఎవరు ఎక్కువ వాడి స్విచ్చు పడగొడితే వాళ్లే కింద మీటర్ల పెట్టె దాకా దిగి మళ్లీ పైకి ఎత్తాలి. బుట్ట తాడు పక్కనే వైరు దించుతాను.

పాత సంగతి ఎత్తను. ఎత్తకుండానే ఒక్క మాట. మీవారు ఇస్కందర్ గారి సంతాపం నాడు కాఫీలో చక్కెర వేసింది నేను కాదు. చావింట్లో చేదు కాఫీయే ఇవ్వాలని నాకు తెలియదా? వంటిల్లు నాకు అప్పగించారు నిజమే, కానీ ఆ రోజు వంటింట్లోకి ఎవరెవరో వచ్చారు. నూట ఇరవై మంది నల్లబట్టలు వేసుకుని వచ్చి పెళ్లి కాఫీ తాగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అందరి కళ్లూ నా మీదే పడ్డాయి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు.

బుట్ట నాలుగో అంతస్తు దాటి రావాలి. అక్కడ ఫుఆద్ గారున్నారు. ఆయన కస్టమ్స్ నుంచి రిటైరయ్యారు గానీ కస్టమ్స్ ఇంకా ఆయన నుంచి రిటైర్ కాలేదు. ఫుఆద్ గారూ, ఇక్కడి దాకా చదివారు కదా, ఇక తాడు వదలండి.

ఇట్లు,
మీ పైన ఉండటం తప్ప మీకే అపకారమూ చెయ్యని
నుహాద్

*

9 జూలై 2021

మాన్యులైన లైను భాగస్వామి ఓడెట్ గారికి,

శాంతి. మీ జవాబు అందింది. నా ఉత్తరాన్నే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపడం మీకు తగునా? అయిదు ఆంపియర్ల లెక్క దగ్గర సరి గుర్తు పెట్టారు, సంతోషం. వాక్యాలు పొడుగన్నారు, ఒప్పుకుంటున్నాను. చక్కెర సంగతి రాసినచోట మాత్రం కాగితం చిరిగేంత గట్టిగా అడ్డగీత కొట్టారు. మొత్తం మీద పదికి నాలుగు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను, మంత్రులు కూడా నాతో ఒక్క నిమిషం ఆగమ్మా అని బతిమాలేవాళ్లు. నాకింత తక్కువ మార్కులు ఎవరూ వెయ్యలేదు.

అయినా ఒప్పుకున్నారు, మీ ఫ్రిజ్ నడుస్తోంది. రాత్రింబగళ్లు దాని గురగుర నా వంటింటి కిటికీలోంచి వినిపిస్తోంది. నా ఫ్రిజ్ చప్పుడు మీకెప్పుడైనా వినిపించిందా? వినిపించదు. అంత నెమ్మదస్తురాలు.

ఇక ఫిర్యాదు. బుధవారం సాయంత్రం టీవీలో పెళ్లికూతురు ముసుగు ఎత్తే సమయానికి చీకటి. మీరు హెయిర్ డ్రయ్యర్ పెట్టారు. కాదు, నేను ఇస్త్రీ పెట్టానని మీరు చీటీ పంపారు. నేను ఇస్త్రీ మానేసి రెండు నెలలైంది, ఈ మధ్య నన్ను చూసినవాళ్లెవరైనా చెబుతారు. పెట్రోలు లేక కార్లు కదలడం లేదు, రొట్టె కోసం తెల్లవారకముందే బేకరీ ముందు నిలబడుతున్నాం, మీకు జుట్టు ఆరబెట్టుకోవడం కావాల్సొచ్చిందా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

ముందు నేను దిగనని భీష్మించుకున్నాను. మీరూ దిగలేదు. ఒక గంట గడిచాక నాకే ఇన్సులిన్ గుర్తొచ్చింది. గోడ పట్టుకుని దిగాను. తీరా వెళ్తే మీటర్ల పెట్టె దగ్గర మీరు! ఒక చేతిలో కొవ్వొత్తి, తల మీద తువ్వాలు, సగం తడి జుట్టు. దొరికారు కదా?

మీరు నాతో మాట్లాడలేదు, గోడతో మాట్లాడారు. కొందరికి టీవీ ముందు కూర్చుంటే ఒళ్లు తెలియదు గోడమ్మా అన్నారు. నేనూ మీతో మాట్లాడలేదు, లిఫ్టు తలుపుతో అన్నాను, డెబ్భై ఏళ్ల వయసులో జుట్టు ఎవరికి చూపించడానికో అడుగు నాయనా అని. అరవై ఎనిమిదే అని మీరు గోడకు చెప్పారు. ఆ సంగతి గోడకు తెలియదేమోగానీ నాకు తెలుసు, నా కంటే మీరు రెండు నెలలు పెద్ద.

తర్వాత మెట్లు ఎక్కాం. మెట్లు ఒక్క వరుసే ఉన్నాయి కాబట్టి కలిసి ఎక్కినట్టు కనిపించింది. మీరు ఆయాసపడి ఆగినప్పుడు నేను చెప్పు సర్దుకున్నాను, నేను ఆగినప్పుడు మీరు కొవ్వొత్తి సర్దుకున్నారు. మూడో అంతస్తులో మీ తలుపు తెరిచారు గానీ మూసిన చప్పుడు నేను పైకి చేరి తాళం తీసేదాకా వినిపించలేదు. ఎందుకు నిలబడ్డారో నేను అడగలేదు, మీరూ చెప్పకండి.

నిన్న బ్యాంకుకు వెళ్లాను. నా పేరు మీద నేను దాచుకున్న డబ్బు నాకివ్వమంటే, మీ డబ్బు భద్రంగా ఉందమ్మా, అందుకే ఇవ్వడం లేదు అన్నాడు ఆ కుర్చీలో పిల్లాడు. ఇంత మర్యాదగా నన్ను ఎవరూ దోచుకోలేదు. వరుసలో నా వెనకావిడ మజ్జిగ పంచింది, ముందాయన నిమ్మ ఉప్పు వేసిన శనగలు పంచాడు. డబ్బు దొరకలేదు గానీ భోజనం అయింది.

చక్కెర గురించి మళ్లీ చెబుతున్నాను, నేను కాదు. ఫుఆద్ గారి చిన్నక్క ఆ రోజు మూడుసార్లు వంటింట్లోకి వచ్చింది. నా అనుమానం ఆవిడ మీద. ఫుఆద్ గారూ, మీకు కోపమొస్తే ఉత్తరాలు చదవడం మానెయ్యండి.

ఇట్లు,
ఇస్త్రీ లేని బట్టల
నుహాద్

*

15 ఆగస్టు 2021

ఓడెట్ గారికి,

శాంతి, ఎక్కడైనా మిగిలుంటే.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. డీజిల్ అయిపోయిందట, మూడు రోజులుగా జనరేటర్ నోరు మూసుకుంది. ఆ పనికిమాలిన దాని హోరుకు నిద్ర పట్టక తిట్టుకునేదాన్ని, ఇప్పుడు నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదు. అబూ తౌఫీక్ ఫోన్ తియ్యడం లేదు. తీసినప్పుడు మాత్రం, రేపొస్తుంది హజ్జా, ఓడ సముద్రంలో ఉంది అంటాడు. ఓడ సముద్రంలో కాక కొండ మీద ఉంటుందా?

అందుకని పొద్దున్నే ఔజాయీ వెళ్లి చేపలవాళ్ల దగ్గర మంచు కొన్నాను. టాక్సీ అతను పెట్రోలు లేదని సగం దారిలో దించేస్తే, మంచుగడ్డను పసిపిల్లలా దుప్పట్లో చుట్టి చంకన వేసుకుని నడిచాను. ఒకావిడ ఆగి, పాపకు ఎన్ని నెలలమ్మా అని అడిగింది. పుట్టి గంటయింది, ఇంకో రెండు గంటలు బతుకుతుంది అన్నాను. పాపం, ఆవిడ గుండెలు బాదుకుంటూ వెళ్లిపోయింది.

దాన్ని పగలగొట్టి బుట్టలో మీకు మూడు గడ్డలు దించాను. మీకు అందినవి రెండే అని చీటీ పంపారు. మూడోది ఎక్కడికి వెళ్లిందో ఫుఆద్ గారి బాల్కనీలో గాజు గ్లాసు గలగలలు విని కనిపెట్టాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి నయం, దానికి సోంపు సారా అరక్‌లోకి మంచు అక్కర్లేదు. బాల్కనీలోంచి వంగి నిలదీశాను. నా బాల్కనీ ముందు నుంచి వెళ్లే సరుకు మీద మూడో వంతు పన్ను మామూలే కదా నుహాదమ్మా అన్నాడు. అది మనిషి ప్రాణం నిలబెట్టే మంచు, సిగ్గు లేదా అని వీధంతా వినేలా అరిచాను. కింద బండివాడు, వెయ్యి వదినా, ఇంకో నాలుగు వెయ్యి అని ఈల వేశాడు. సాయంత్రానికి ఫుఆద్ గారు తన గ్లాసులో మిగిలిన మంచు తెచ్చి మీ గుమ్మంలో పెట్టారట, సోంపు వాసనతో సహా. ఆయన మొహం మాత్రం మాడిపోయింది. నామీద పగ పట్టాడని తెలుస్తోంది.

ఇన్సులిన్ డబ్బా చేపల వాసన కొడుతోందని రాశావు. ఏమ్మా, అది పొడుచుకునే మందా, వాసన చూసుకునే మందా? చేపల వాసన కొడితే పిల్లులు వెంటపడతాయి, అంతకుమించి ప్రమాదం లేదు. రెండు పూటలా మంచు మార్చు. డబ్బాలో నీళ్లు చేరనివ్వకు. చెయ్యి వణికినా, చెమట పట్టినా నా వైపు బుట్ట తాడు లాగు. ఏ వేళైనా సరే, గంట కట్టాను.

చూశావా, కంగారులో నువ్వు అనేశాను. రాసింది కొట్టేస్తే కాగితం పాడవుతుంది. కాగితం దొరకడం లేదు కాబట్టి అలాగే ఉంచుతున్నాను. అపార్థం చేసుకోకండి.

నా ఫ్రిజ్‌లో జున్నూ ఆలివ్‌లూ పాడైపోతున్నాయి, దాని దిగులు ఒకటి.

ఇట్లు,
నుహాద్

*

12 సెప్టెంబర్ 2021

ఓడెట్‌కి,

శాంతి అని రాయను. నీకూ లేదు, నాకూ లేదు.

నీ చీటీ అందింది. జనరేటర్ మళ్లీ మొదలై పది రోజులు కాలేదు, ఫుఆద్ గారి నాలుక కూడా మొదలైంది. మంచు పగ తీర్చుకున్నాడు. జూన్‌లో నువ్వు బ్యాంకు వరుసలో ఉన్న మధ్యాహ్నం నా ఫ్రిజ్ తాళ్ల మీద బాల్కనీలోంచి దిగి వెళ్లిపోయిందని నీకు చెప్పేశాడు. అవును, అమ్మేశాను. లైను కోసమే అమ్మాను. అది తన బాల్కనీ ముందు నుంచి దిగుతుంటే ఆయన ఏం చేశాడో నీకు చెప్పాడా? కూలీలను ఒక్క నిమిషం ఆగమని, తలుపు తెరిచి లోపల చూశాడు. ఒక నిమ్మకాయ ఉంటే తీసుకున్నాడు. మూడో వంతు కాదు, మొత్తం నిమ్మకాయ!

నువ్వు ఎర్రసిరాతో మూడు ముక్కలు రాశావు. నీకు ఎవరి భిక్షా అక్కర్లేదన్నావు. ఎల్లుండి ఇన్సులిన్ మూటకట్టుకుని బిక్ఫయాలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్నానన్నావు. వెళ్లేముందు ఒక్క నిజం కావాలి, ఆ చక్కెర ఎవరు వేశారో చెప్పు, అబద్ధం చెబితే మొహం కూడా చూడనన్నావు.

భిక్ష ఎక్కడుంది ఇందులో? సగం నువ్వు కడుతున్నావు. నువ్వు కట్టకపోతే నా బల్బు వెలగదు, నా టీవీలో పెళ్లి కాదు. ఫ్రిజ్ ఉండాలంటే అందులో పెట్టడానికి ఏదైనా ఉండాలి. మాంసం మానేసి ఏడాదైంది, జున్ను ధర అడిగితేనే కళ్లు తిరుగుతున్నాయి. మూడు నెలలు అది ఒక్క నిమ్మకాయకు కాపలా కాసింది. నీ దాంట్లో మందు ఉంది. రెండు ఫ్రిజ్జుల్లో ఏది నడవాలో తేల్చడానికి లెక్కల టీచరు కావాలా?

చెల్లెలి ఇంటికి వెళ్తావా? అక్కడ జనరేటరే లేదని మీ చెల్లెలు మొన్న ఫోన్‌లో అరుస్తుంటే బిల్డింగంతా విన్నాం. కొండ మీద చల్లగా ఉంటుందంటావేమో. సెప్టెంబర్ ఎండకు కొండ అని తెలుసా? ఇక్కడైతే వైరుంది, మంచు తేవడానికి నేనున్నాను, మంచు దొంగిలించడానికి ఫుఆద్ గారున్నారు. అక్కడ నీకు చెయ్యి వణికితే ఏ తాడు లాగుతావు? పంతం పట్టాలంటే ఇక్కడే ఉండి పట్టు. నాలుగేళ్లు పట్టలేదూ? నేనేమైనా అడ్డం వచ్చానా?

నువ్వు లేకపోతే ఆ మెట్ల మీద నేనెవరితో ఆగాలి?

ఇట్లు,
నీ పైఅంతస్తు
నుహాద్

తాజా కలం:

ఈ ముక్క విడిగా మడిచి పిండి జిగురుతో నాలుగువైపులా అంటించాను. అంటుకునే ఉంటే ఫుఆద్ గారు చదవలేదని అర్థం. ఆయన చదివినా ఇక లెక్క లేదు.

చక్కెర నేనే వేశాను, ఓడెట్.

కావాలని కాదు. ఇరవై ఏళ్లు మనం నలుగురం సాయంత్రాలు మీ బాల్కనీలో కూర్చునేవాళ్లం. మగవాళ్లిద్దరూ పాచికలు వేసేవాళ్లు, కాఫీ నేను కాచేదాన్ని, నీ రాగి గిన్నెలో, నీ పొయ్యి మీద. ఇస్కందర్‌కు కూడా నీ జబ్బే కదా, ఆయన కప్పులో గింజ చక్కెర పడకూడదని నీ ఆజ్ఞ. నువ్వు అటు తిరగగానే ఆయన చెంచాతో బల్ల మీద మెల్లగా రెండుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడేమిటని ఒకసారి నువ్వు అడిగితే, పావురాలను తోలుతున్నానన్నాడు. నేను వంటింట్లో విని, ఆయన కప్పుకు రెండు చెంచాలు వేసేదాన్ని. మా ఆయన రషాద్ పోయాక కూడా వేశాను. ఇస్కందర్ పోయే ముందటి వారం కూడా వేశాను.

సంతాపం నాడు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. ముందుగదిలో ఎవరిదో చెంచా జారి పళ్లెం మీద రెండుసార్లు టంగుమంది. నా చెయ్యి నన్ను అడగకుండానే చక్కెర డబ్బా మీదికి వెళ్లింది. నూట ఇరవై మందికీ ఆయన కాఫీ కాచాను. ఫుఆద్ గారి అక్కకు ఏ పాపమూ తెలియదు.

అప్పుడే చెప్పాల్సింది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఎందుకంటే నువ్వు ఆ ఒక్క రోజు చక్కెరతో ఆగవు. లెక్కల టీచరువి, ఇరవై ఏళ్ల చెంచాలూ కూడతావు. ఆయన్ని చంపింది నేనేనని మొత్తం తేలుతుందేమోనని భయపడ్డాను. గుండె బలహీనమైందని డాక్టర్ అన్నాడు. నేను నమ్మలేదు, ఇప్పటికీ భయమే. నన్ను క్షమించు అని నాలుగేళ్లుగా లోపలే అనుకుంటున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. ఫ్రిజ్ అమ్మింది దయతో కాదే పిచ్చిదానా. ఒకరికి చక్కెర తినిపించాను, రెండోవాళ్ల మందైనా చల్లగా ఉంచాలి కదా.

ఇక నీ ఇష్టం. మార్కులు సున్నా వేసినా సరే, వైరు మాత్రం తియ్యను. నువ్వు వెళ్లకుండా ఉంటే బుట్టలో ఒక కప్పు పెట్టి తాడు రెండుసార్లు లాగు. కాఫీ కాచి నేనే మెట్లు దిగి తెస్తాను, మోకాళ్లు ఏడిస్తే ఏడవనీ. భయపడకు, వారం రోజులుగా ఊళ్లో ఎక్కడా చక్కెర దొరకడం లేదు.